‘రేపు గూడ ఉంటదా, బిడ్డా?’

ప్రశ్న

సార్, నాకు 26 ఏళ్లు. మాది సంస్థాన్ నారాయణపురం మండలంలో ఒక చేనేత ఊరు. నాన్న మగ్గం నేస్తారు, అమ్మ ఆసు పోస్తుంది. ఆసు అంటే నేతకు ముందు మేకుల చట్రం మీద దారాన్ని వరసగా చుట్టే పని. హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ చేశాను కానీ నాకు బొమ్మల కన్నా శబ్దాలు, సెన్సర్లు, ప్రొజెక్టర్లతో పని చేయడం ఇష్టం. పోయిన ఏడాది మా ఊళ్లోనే ఒక ఇన్‌స్టలేషన్ (వస్తువులు, శబ్దాలు, వెలుతురు ఒక చోట అమర్చి చేసే కళ) పెట్టాను. ఒకప్పుడు చేత్తో ఆసు పోసిన పదకొండు మంది ముసలమ్మల మాటలు, పాటలు ఫోన్‌లో రికార్డు చేశాను. అటక మీదున్న పాత ఆసు చట్రం దించి సెన్సర్లు బిగించాను. మేకుల మీద చెయ్యి తిప్పుతుంటే ఒక్కో మేకుకు ఒక్కో గొంతు వినిపిస్తుంది. వెనక గోడ మీద వాళ్ల వీడియో. ముఖాలు లేకుండా చేతులు మాత్రమే. అంతరించిపోతున్న శ్రమ సౌందర్యాన్ని పట్టుకోవాలని నా ఉద్దేశం.

ఊరంతా వచ్చింది. ఆడవాళ్లు నవ్వారు, ఒకామె ఏడ్చింది. అంతా అయ్యాక మా వాడకట్టు పెద్దాయన ఒకాయన దగ్గరికొచ్చి ‘మంచిగున్నది. రేపు గూడ ఉంటదా, బిడ్డా?’ అని అడిగాడు. ‘ఉండదు తాతా, ప్రొజెక్టర్ కిరాయిది, పొద్దున్నే ఇచ్చేయాలె’ అన్నాను. ‘అట్లనా’ అని వెళ్లిపోయాడు. ఎందుకో ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

చేతి నుంచి 23 వేలు ఖర్చయింది. హైదరాబాద్‌లో చిన్నాచితకా డిజైన్ పనులు చేసుకుంటూ బతుకుతున్నాను. నాన్న మాత్రం ‘గురుకులంలో డ్రాయింగ్ టీచర్ పోస్టుకు చదువు, ఇదంతా ఎన్ని రోజులు’ అంటున్నారు. ఈ మధ్య ఒక గ్యాలరీ వాళ్లు నా వీడియో చూసి, రికార్డింగులు తీసుకొస్తే చట్రం కొత్తది చేయించి ప్రదర్శిద్దాం, కొనేవాళ్లు కూడా ఉండొచ్చు అన్నారు. ఆ ముసలమ్మలకు ఈ సంగతి తెలియదు. ఇది అసలు కెరీర్ అవుతుందా? ఎవరైనా ఏం చేస్తావని అడిగితే నన్ను నేను ఏమని చెప్పుకోవాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా పేరు వేయకండి.

జవాబు

పేరు వేయలేదమ్మా. వయసులో మా బిడ్డ అంత దానివి, అందుకే నువ్వనే అంటున్నా.

నీ ఉత్తరంలో ప్రశ్న గుర్తు పెట్టి అడిగినవి ఉన్నాయి, పెట్టకుండా వదిలేసింది ఒకటుంది. నాకు ఆ రెండోదే పెద్దదిగా కనిపిస్తోంది. మన పనులు చూసి ఊళ్లో జనం మామూలుగా అడిగేది ‘ఇదేం పనికొస్తది’ అని. నలభై ఏళ్లుగా నేను వింటున్న ప్రశ్న అది, దానికి నా దగ్గర సరైన జవాబు ఇప్పటికీ లేదు. మీ వాడకట్టు తాత అది అడగలేదు, గమనించావా? పనికొస్తదా లేదా అన్న పేచీ ఆయనకు లేనే లేదు. చూశాడు, నచ్చింది, రేపు మళ్లీ వచ్చి చూద్దామనుకున్నాడు. బహుశా వేరే ఊళ్లో ఉన్న చెల్లెలినో, మనవరాలినో తీసుకొద్దామనుకుని ఉంటాడు. నీకు అంతకన్నా మంచి ప్రేక్షకుడు ఏ నగరంలోనూ దొరకడు. నువ్వేమో కిరాయి లెక్క చెప్పి పంపించావు.

నల్లగొండ పక్కన పానగల్లుకు ఎప్పుడైనా పోయావా? ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు తన దారిన తను పోతుంటాడు, నీడ మాత్రం అక్కడే ఉంటుంది. కుందూరు చోడుల కాలం నాటి గుడి. ఆ నీడ నాదే అని చెప్పుకునే స్తంభం అక్కడ ఏ ఒక్కటీ లేదు. మంటపం స్తంభాల సందుల్లోంచి లోపలికి వచ్చే వెలుతురును ఎట్లా అమర్చారన్న దాంట్లోనే కిటుకంతా ఉంది. నేను బడి పిల్లల్ని తీసుకుపోయినప్పుడల్లా వాళ్లు స్తంభాల ముందు అడ్డంగా నిలబడి, నీడ తమ వల్ల చెడుతుందా లేదా అని చూసేవాళ్లు. వెలుతురుతో చేసిన ఇన్‌స్టలేషన్ అది, తల్లీ. దేనికీ పనికి రాదు. కానీ వందల ఏళ్లుగా పొద్దు పొడిస్తే చాలు, ‘రేపు’ కూడా ఉంటోంది.

టెక్నాలజీతో పని చేసేవాళ్లు ఈ ‘రేపు’ దగ్గరే బోర్లా పడతారు. మన జిల్లా పేరు మీదనే దీనికి ఒక కథ ఉంది. నీళ్లలోని ఫ్లోరైడ్ తీయడానికి 1970లలో నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేసిన పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. పటిక, సున్నం, కొద్దిగా బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెట్టి, తేరుకోనిచ్చి వడపోయాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ లోపలికి తేవడానికి ఇంతకన్నా చౌకగా, చేతికందే సరుకుతో చేసే పద్ధతులు తక్కువ. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడి చూశారు. పద్ధతి మంచిదే. కానీ నీటిని బట్టి పటిక ఎంతో రోజూ కొలిచి వేయాలి, అడుగున పేరుకున్న మడ్డిని తీసి పారబోయాలి. రోజూ ఎవరు చేయాలి? అది తేలని చోటల్లా ప్లాంట్లు మూలపడ్డాయి. రిబ్బన్ కత్తిరించిన రోజు అన్నీ బాగానే పని చేశాయి. నీ ప్రొజెక్టర్ కూడా ఆ రోజు బాగానే పని చేసింది కదా.

నిన్ను దెప్పడానికి ఇది చెప్పడం లేదు. మొదటిసారి అందరం అట్లనే చేస్తాం. ఒక్కరోజు పండుగలాగా పెడతాం, ఫొటోలు తీసుకుంటాం, దరఖాస్తుల్లో ఆ ఫొటోలు అతికించుకుంటాం. రెండోసారి అదే ఊరికి, అదే పని పట్టుకుని పోయేవాళ్లు చాలా తక్కువ. నా లెక్కలో నువ్వడుగుతున్న కెరీర్ ఆ రెండోసారి నుంచే మొదలవుతుంది.

ముంబైకి చెందిన కళాకారిణి నవజోత్ అల్తాఫ్ గురించి చదువుకునే రోజుల్లో వినే ఉంటావు. 1990ల చివర్లో ఆమె బస్తర్‌లోని కొండగావ్‌కు పోయి అక్కడి ఆదివాసీ కళాకారులతో కలిసి పని మొదలుపెట్టింది. వాళ్లు కలిసి చేసిన వాటిలో ‘నల్పార్’ అని ఒకటుంది. నల్పార్ అంటే బోరింగు దగ్గరి జాగా. ఆడవాళ్లు నీళ్లు పట్టుకునే చోట బురద, వంగి బిందె ఎత్తుకుంటే నడుం నొప్పి. బోరింగు చుట్టూ గచ్చు వేసి, బిందెను నేల మీది నుంచి ఒకేసారి నెత్తికి ఎత్తుకోకుండా మధ్యలో ఆనించుకోవడానికి గట్లు కట్టి, వాటినే శిల్పాలుగా మలిచారు. అది బోరింగా, శిల్పమా అన్న చర్చ పెద్ద పెద్ద పుస్తకాల్లో జరుగుతుంటుంది. నీళ్లు పట్టుకునే వాళ్లకు ఆ చర్చతో పని లేదు. నాకు ఇందులో నచ్చే సంగతి వేరు. ఆమె అక్కడికి ఒక్కసారి పోయి రాలేదు, ఏళ్లకేళ్లు పోతూనే ఉంది. పేరున్న గ్యాలరీల్లో ప్రదర్శనలూ జరిగాయి, కొండగావ్ పనీ సాగింది. ఒకదాని కోసం ఇంకోటి వదులుకోలేదు.

ఇప్పుడు నీ పని లోపలికి పోదాం. ఇక్కడ కొంచెం కఠినంగా చెప్తా, ఏమనుకోకు.

‘అంతరించిపోతున్న శ్రమ సౌందర్యం’ అని రాశావు. ఆ ముక్క ఒకసారి మీ అమ్మ ముందు పైకి చదువు. ఆమె ముఖం చూసి తర్వాతి వాక్యం రాసుకో. చేత్తో ఆసు పోయడమంటే ఒక్క చీరకే చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటలు. రెక్కలు పడిపోయేవి, కళ్లు లాగేవి. ఆలేరు పక్కన శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మమ్మ పడే ఆ బాధ చూడలేకనే 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి 1999 అయింది. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. చేతిలో పైసా లేదు, ఇరుగుపొరుగు పిచ్చోడన్నారు. చివరికి లక్ష్మీ ఆసు యంత్రం వచ్చింది, గంటన్నరలో పని తెములుతోంది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మీ అమ్మ ఇప్పుడు ఆసు పోసేది కూడా అట్లాంటి యంత్రం మీదనే అయి ఉంటుంది. నువ్వు అటక మీది నుంచి దించిన పాత చట్రం అక్కడికి ఎందుకెక్కిందో ఆ పదకొండు మందికి బాగా తెలుసు. అది అటకెక్కినందుకు వాళ్లు సంతోషించి ఉంటారు కూడా.

మరి చట్రం ముందు నిలబడి ఒకామె ఎందుకు ఏడ్చింది? నువ్వు అడిగావా? పాత రోజులు గుర్తొచ్చి ఏడ్చిందని మనం అనుకుంటాం, మనకు అట్లా అనుకోవడం సుఖం. నొప్పి గుర్తొచ్చి ఏడ్చిందేమో. వాళ్లు పాడుకున్న పాటల్లో సగం ఆ తొమ్మిది వేలు లెక్కపెట్టకుండా ఉండడానికి పాడుకున్నవే కావచ్చు. అదే గనుక నిజమైతే నీ పని నువ్వు అనుకున్న దానికన్నా చాలా బలమైనది. మేకుకో గొంతు పెట్టాలన్న ఊహ చక్కటిది, దానికి నీకు నూటికి నూరు. చెయ్యి తిప్పితేనే పాట వస్తుందన్నావు. ఎవరైనా నిజంగా వందసార్లు తిప్పి చూశారా? తిప్పించి చూడు. నూరోసారికి భుజం చెప్పే మాట ఏ వీడియో చెప్పలేదు.

ఇంకోటి, ముఖాలు లేకుండా చేతులే చూపించావు. అట్లా చూపించాలని ఎవరు అనుకున్నారు? మన కాలేజీల్లో చేతుల వీడియో అంటే కవిత్వం. కానీ ఆ ముసలమ్మల్లో ఒక్కరైనా ‘నా మొఖం ఏది?’ అని అడిగే ఉంటారని నా అనుమానం. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లో చదువు రాని దళిత ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఇంగ్లిష్ పేర్లు వాళ్ల నోటికి రాక కాదు, వాటితో అవసరం లేక, కెమెరా కోణాలకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. మనిషి కంటి ఎత్తులో కెమెరా పెట్టి తీసేదానికి ‘సంగం షాట్’ అని పేరు. ఎందుకంటే సంగంలో అందరూ నేల మీద సమానంగా కూర్చుంటారు, ఒకరినొకరు కంటిలో కన్ను పెట్టి చూసుకుంటారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసే కోణాలు వాళ్లకు పటేలునూ జీతగాడినీ గుర్తుకు తెచ్చాయి. సినిమా స్కూళ్లలో మూడేళ్లు చదివినా రాని తెలివి ఇది. 2008 అక్టోబర్ 15న మాచునూరులో మొదలైన సంగం రేడియో కూడా ఆ సంఘాల ఆడవాళ్లదే. మైకు ముందు మాట్లాడేదీ వాళ్లే, మిషన్ నడిపేదీ వాళ్లే. బయటి నుంచి వచ్చిన ఆర్టిస్టు వెళ్లిపోతే ఆగిపోయే పని కాదది. వీలైతే ఒకసారి పోయి చూసిరా. హైదరాబాద్ నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుంటే జహీరాబాద్ రెండు మూడు గంటల దారి.

గ్యాలరీ విషయానికి వస్తున్నా. దీనికి ముందు నా సిగ్గు ఒకటి చెప్పాలి.

1998లో మర్రిగూడ వైపు ఒక ఊళ్లో ఫ్లోరైడ్ బాధితుల ఫొటోలు తీశాను. వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు. వాటిని గుడ్డ మీద అచ్చు వేయించి పట్నంలో ప్రదర్శన పెట్టాను. మంచి పేరు వచ్చింది. మూడో రోజు ఒక కుర్రాడు వచ్చి ఒక ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. కింద ధర చీటీ ఉంది, నిర్వాహకులు పెట్టారు, నేనూ వద్దనలేదు. ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి ‘మా నాయిన కాళ్లకు మీరు రేటు పెట్టిన్రు సార్’ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ ఫొటో అప్పుడే దించేశాను కానీ దించితే ఏమైంది? మళ్లీ ఆ ఊరికి పోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ గుడ్డలు ఇప్పటికీ బీరువాలో మడత పెట్టే ఉన్నాయి.

కాబట్టి ఆ పదకొండు మందికి చెప్పకుండా ఒక్క రికార్డింగు కూడా ఊరు దాటనీయకు. ఫోన్ చేసి చెప్పొద్దు, మనిషివి పోయి కూర్చో. ఏం చూపిస్తారు, ఎక్కడ, ఎన్ని రోజులు, అమ్ముడుపోతే ఎంత వస్తుంది, అందులో ఎవరికెంత, ఇవన్నీ తెలుగులో ఒక్క కాగితం మీద రాసి గట్టిగా చదివి వినిపించు. వాళ్లు సరేనన్న మాటను కూడా రికార్డు చేసుకో, వద్దన్న మాటను కూడా. ఒక్కామె వద్దంటే ఆ మేకు మూగగా ఉండనీ. పదకొండు మేకుల్లో ఒకటి పలకకపోతే చూసేవాడు ఎందుకని అడుగుతాడు, అది నీ పనికి లోటేమీ కాదు.

ఇది మంచితనం కోసం మాత్రమే చెప్పడం లేదు, చట్టం కూడా వాళ్ల పక్కనే ఉంది. మన కాపీరైట్ చట్టంలో పాడేవాళ్లకు ప్రదర్శకుల హక్కు ఉంది, అది యాభై ఏళ్లు ఉంటుంది. ప్రదర్శకులు అంటే ఎవరెవరో చట్టం చెప్పిన జాబితాలో గాయకులు, నర్తకులతో పాటు గారడీవాడు, పాములవాడు కూడా ఉన్నారు తెలుసా? అట్లాంటప్పుడు ఆసు పాట పాడిన ముసలమ్మ ఎందుకు ఉండదు? గ్యాలరీ వాళ్లకు ఈ మాట మెత్తగా చెప్పు. మంచివాళ్లయితే సంతోషిస్తారు. ‘ఇదంతా ఎందుకండీ, ఊరివాళ్లే కదా’ అంటే అక్కడితో దండం పెట్టి వచ్చేయ్.

ఇంకొక షరతు. పాత చట్రం ఊళ్లోనే ఉండాలి. వాళ్లు కొత్తది చేయించుకుంటామన్నారు కదా, చేయించుకోనీ. పేర్లు మాత్రం పదకొండూ గోడ మీద పడాలి, నీ పేరు ఎంత అక్షరాల్లో వేస్తారో అంతే అక్షరాల్లో. ముంబైలో క్యాంప్ అనే కళాకారుల బృందం గల్ఫ్ సముద్రంలో సరుకు పడవల మీద తిరిగే నావికులు తమ ఫోన్లలో తామే తీసుకున్న వీడియోలతో 2013లో ఒక పెద్ద సినిమా కూర్చింది. పగిలిన బొమ్మ, గరగర శబ్దం, నావికులు వాటికి తగిలించుకున్న పాటలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఫోన్ రికార్డింగు అని నువ్వు చిన్నతనంగా రాశావు గానీ, పరికరం తక్కువదని బాధపడాల్సిన అవసరం ఏమీ లేదు.

డబ్బు సంగతి. నీ 23 వేల లెక్కలో ఏమేం ఉన్నాయో నేను ఊహించగలను. ప్రొజెక్టర్ కిరాయి, సెన్సర్లు, బోర్డులు, స్పీకర్లు, వైర్లు, ఆటో, వచ్చినవాళ్లకు చాయ. రెండు మూడు నెలల నీ కష్టానికి ఎంత రాశావు? ఏమీ రాసి ఉండవు. మీ నాన్న చీర లెక్క రాసేటప్పుడు చూశావు కదా. పట్టు, రంగు, ఆసు, చిటికి (రంగు అంటకుండా దారానికి వేసే ముడులు) కట్టిన కూలి, అన్నీ వేసి ఆ కింద మజూరీ వేస్తాడు. మజూరీ గీత ఖాళీగా వదిలేసే నేతగాడు ఎక్కడైనా ఉంటాడా? నువ్వు వదిలేశావు. ఆ పదకొండు మంది నీ కోసం కూర్చున్న పూటల మజూరీ కూడా వదిలేశావు. ఏ సంస్థకు దరఖాస్తు పెట్టినా ఈ రెండు గీతలు తప్పకుండా ఉండాలి. అవి లేని బడ్జెట్ చూస్తే అనుభవం ఉన్నవాళ్లు మెచ్చుకోరు, ఈ పిల్ల మధ్యలో ఆపేస్తుందని భయపడతారు.

ఎక్కడ అడగాలంటే, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళాకారుల ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇస్తుంది. అక్కడ తెలుగులోనే రాసి పంపొచ్చు. నీ తెలుగు బాగుంది, ఇంగ్లిష్‌లో రాస్తే మళ్లీ ఆ ‘శ్రమ సౌందర్యం’ వచ్చి కూర్చుంటుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకు, నెలకు 10 వేల చొప్పున రెండేళ్లు. అయితే నెలనెలా చేతికి రాదు, ఆరు నెలలకోసారి వాయిదాగా వస్తుంది. కాబట్టి దాని మీద ఇంటి కిరాయి పెట్టుకోకు. సెన్సర్లు, పరికరాల విషయంలో సలహా కావాలంటే హైదరాబాద్‌లో పల్లె సృజన వాళ్లను కలువు. మల్లేశం లాంటి పల్లె ఆవిష్కర్తలను వెతికి వెలుగులోకి తెచ్చే పని వాళ్లది. నువ్వు ఆర్టిస్టునని చెబితే మొదట కొంచెం వింతగా చూస్తారేమో, ఆసు చట్రం అనగానే దగ్గరికి తీస్తారు. కొచ్చి బినాలే లాంటి పెద్ద కళా ప్రదర్శనలు, విదేశాల్లో కొన్నాళ్లు ఉండి పని చేసుకునే రెసిడెన్సీలు ఇప్పుడే వద్దు. అవి ఎక్కడికీ పోవు.

బిరుదుల మీద ఆశ పెట్టుకుని మాత్రం రాకు. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు దాటాక, 2024లో ఆయన కూలి పని చేస్తున్నాడని పేపర్లలో చదివాం. ఆ ఫొటో చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

మీ నాన్న మాటకు వస్తే, ఆయన అడిగిన ‘ఎన్ని రోజులు’, ఆ తాత అడిగిన ‘రేపు గూడ ఉంటదా’ రెండూ ఒకటే. ఒకరు నీ పని గురించి అడిగారు, ఒకరు నీ బతుకు గురించి. టీచర్ పోస్టు పరీక్ష రాయి. వస్తే చేరు. ఇరవై ఎనిమిదేళ్లు సర్కారు బళ్లో డ్రాయింగ్ మాస్టర్‌గా చేసినవాణ్ని చెప్తున్నా, జీతం వల్ల కళ చెడిపోదు. నన్ను చెడగొట్టింది సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చోవడం. గురుకులంలో సెలవు దొరకడం కష్టమే, రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయి. కానీ అక్కడ మూడు నాలుగు వందల మంది ఆడపిల్లలు ఉంటారు, సగం మంది అమ్మలు ఏదో ఒక చేతిపని చేస్తుంటారు. అంతమంది గొంతులు నీకు ఇంకెక్కడ దొరుకుతాయి? రాకపోతే డిజైన్ పనులు చేసుకుంటూ రెండేళ్లు చూడు. నాన్నకు మాత్రం నోటిమాటగా చెప్పకు, నోటుబుక్కు తెరిచి లెక్క చూపించు. నేత కుటుంబంలో లెక్కకు ఉన్న విలువ ఉపన్యాసానికి లేదు.

ఏమని చెప్పుకోవాలి అన్నావు. దరఖాస్తుల్లో ‘న్యూ మీడియా ఆర్టిస్ట్’ అని రాసుకో, అది వాళ్ల లెక్క కోసం. ఊళ్లో వాళ్లే ఏదో ఒక పేరు పెడతారు, ఈపాటికి పెట్టే ఉంటారు. కనుక్కో.

ఇక తాతకు నువ్వు ఒక జవాబు బాకీ ఉన్నావు. ప్రొజెక్టర్, కంప్యూటర్ రెండూ పక్కన పెట్టు. ఒక చెక్క పెట్టె, ఒక స్పీకర్, మెమొరీ కార్డు, పదకొండు బటన్లు. బటన్ నొక్కితే గొంతు రావాలి, అంతే. చెడిపోతే కోఠి గుజరాతీ గల్లీకి పోయి వెతకాల్సిన ముక్క అందులో ఒక్కటి కూడా ఉండొద్దు. చౌటుప్పల్‌లో దొరికే వాటితోనే చెయ్యి. మీ ఊళ్లో మొబైల్ రిపేర్ షాపు ఉంటుంది కదా, ఆ అబ్బాయిని మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకో, వైర్లు అతనితోనే అతికించు, కాగితం మీద అతని పేరు కూడా వెయ్యి. రిపేరు కూలి ఏడాదికి ఇంతని ముందే మాట్లాడుకో. రికార్డింగుల కాపీ ఒక్కొక్కటి ఆ పదకొండు మంది ఇళ్లల్లో ఎవరో ఒకరి ఫోన్‌లో వేసి ఇవ్వు. మనవళ్లు రింగ్‌టోన్ పెట్టుకున్నా పెట్టుకుంటారు, పెట్టుకోనీ.

బతుకమ్మకు ఊరికి పోతావు కదా, అప్పటికి పెట్టె తయారుగా ఉంచు. ముందు ఆ తాత ఇంటికి తీసుకుపోయి ఆయన చేత బటన్ నొక్కించు. తర్వాత అది ఎక్కడ ఉండాలన్నది, సొసైటీ బిల్డింగులోనా, గుడి అరుగు మీదనా, ఎవరింట్లోనైనానా అన్నది నువ్వు చెప్పకు. ఆ ముసలమ్మలనే తేల్చుకోనీ. మా ఇంట్లో అంటే మా ఇంట్లో అని కొట్లాడుకుంటే ఆ కొట్లాట కూడా రికార్డు చేసి నాకు పంపు.